తలాపున కంచరగాడిద

డాక్టరు గారు పోయారని వాట్సాప్ గ్రూపులో పెట్టిన పది నిమిషాల్లో ఆయన మహానుభావుడైపోయాడు. దణ్ణాలు, పూలు, దీపాలు వరసగా వచ్చిపడ్డాయి. నార్తాంప్టన్ తెలుగువాళ్లకు పెద్దదిక్కు అన్నారొకరు. ఆ చిరునవ్వు మరువలేం అన్నారింకొకరు. ఆయన ఇంట్లో పధ్నాలుగు నెలలు ఆయన్ని చూసుకునే పని చేశాను. ఆ చిరునవ్వు ఎక్కడ దాచుకునేవాడో నాకు తెలియదు. కేర్ ప్లాన్‌లో రాసి ఉంటే వెతికి తీసి, కట్టుడుపళ్లతో పాటు తోమి పెట్టేదాన్ని.

నేనూ ఏదో ఒకటి రాయాలి కదా అని బస్సులో కూర్చుని ఫోను తీశాను. 'మంచివారు' అని కొట్టాను. చెరిపేశాను. అబద్ధానికి భయపడి కాదు. చర్చిలో సాక్ష్యం చెప్పే వంతు నాకొచ్చిందంటే పాస్టరు గారు గడియారం చూసుకుంటారు. చీరాలలో ఇంటికో పులిని కాపలా పెడతారని, వీసా ఇంటర్వ్యూకి నేను మా పులి మీదే వెళ్లానని నా క్లయింటు ఒకావిడ ఈరోజుకీ నమ్ముతోంది. తొంభై దాటిన మనిషి, పులికి దాణా ఎవరు పెడుతున్నారని వారానికోసారి బెంగపడుతుంది. అంత నోరున్నదాన్ని, ఆ ఒక్క మాట మాత్రం నా బొటనవేలు దాటి రాలేదు. గ్రూపులో రాయలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నేను మొదటిసారి చూసేటప్పటికి ఆయనకు పక్షవాతం వచ్చి ఏడాదైంది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పనిచేసేవి కావు. చూపులో కూడా ఎడమవైపు సగం పోయింది. కంచంలో ఎడమపక్క కూర వేస్తే కూర లేదనేవాడు. పేపరు పట్టుకుంటే ప్రతి వరసలోనూ మొదటి సగం ఆయనకు లేదు. నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. చీరాల మిషన్ ఆస్పత్రిలో ఇరవై రెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి, కేర్ వీసా మీద ఈ దేశం వచ్చినదాన్ని నేను. రోజుకి మూడు కాల్స్, అంటే మూడుసార్లు వెళ్లి పని చేసి రావడం, ఆయన ఇంటికి. తెలుగు వచ్చినదాన్నని కేర్ ఏజెన్సీ నన్ను వేసింది. నాకంటే ముందు పదకొండు మంది ఆ ఇంటి గడప దాటి పారిపోయారని తర్వాత తెలిసింది.

"గుడ్ మార్నింగ్ అంకుల్" అన్నాను.

"ఎవరికి అంకుల్?"

"మీకేనండీ."

"నీకు బాబాయినా, మేనమామనా? డాక్టరు గారు అను. రాసుకో."

రాసుకో అనేది ఆయన ఊతపదం. కాఫీలో చక్కెర ఎంతో చెప్పి రాసుకో అనేవాడు, వర్షం పడుతుందని చెప్పి రాసుకో అనేవాడు. ఎముకల డాక్టరుగా ముప్పై ఏళ్లు ఆయన వెనకాల ఎవరో ఒకరు పుస్తకం పట్టుకుని నడిచారు. ఇప్పుడు ఎవరూ నడవడం లేదన్న కబురు ఆయన నోటికి ఇంకా అందలేదు.

"ఏ ఊరు?"

"చీరాలండీ."

"చీరాలంటే పెద్ద ఊరే. ఎవరు మీరు?"

"నర్సునండీ."

"అది కాదు నేనడిగేది."

ఏమడుగుతున్నాడో నాకు తెలుసు. ఆయన నోటితోనే అడగనిద్దామని నేను గ్లౌజులు తొడుక్కుంటూ నిలబడ్డాను. కాసేపు చూశాడు.

"ఆదివారం చర్చికి పోతావా?"

"డ్యూటీ రోటాలో పేరు లేకపోతే పోతానండీ."

"అదీ" అన్నాడు, రోగం దొరికిన డాక్టరులాగా. ఆ మధ్యాహ్నం కాల్‌కి వచ్చేసరికి నాకు విడిగా ఒక కప్పు ఏర్పాటైంది. సింకు కింద, బ్లీచ్ సీసా పక్కన. ఆంటీ, అంటే ఆయన భార్య, ఆ కప్పు నాకు చూపించేటప్పుడు నా మొహం చూడలేదు. సముద్రాలు దాటి, బయోమెట్రిక్ ఇచ్చి, నార్తాంప్టన్‌లో నేను చేరుకున్న చోటు ఆ సింకు కింద అర.

ఇక ఆ మంచం సంగతి. ఆయన లౌంజిలో, అంటే ముందుగదిలో, సోఫా లేదు. పక్షవాతానికి ముందే ఎవరో వడ్రంగి చేత, రోమన్లు విందుల్లో పడుకుని తినే మంచం లాంటిది చేయించుకున్నాడు. ఎత్తుగా, సన్నగా, కోళ్లకి గుండ్రటి గాజుల్లాంటి చెక్కడంతో ఉండేది. ఒక కొసన మాత్రం హంస మెడలాగా వంపు తిరిగి పైకి లేస్తుంది. అది తలగడ ఆనించుకునే చోటు. ఆ వంపు చివర ఉండేది ఆయన పంచప్రాణాలూ పెట్టుకున్న వస్తువు: కంచుతో పోసిన కంచరగాడిద తల.

గాడిద అని ఒకసారి నోరు జారాను.

"గాడిద కాదు. కంచరగాడిద. గాడిదకి, గుర్రానికి పుట్టింది. తేడా తెలుసా నీకు?"

"తెలుసండీ. మా మేనత్త అల్లుడున్నాడు."

ఆయన నవ్వలేదు. వంటింట్లో గిన్నె ఒకటి కింద పడింది. ఆంటీ నవ్వు ఆపుకోలేనప్పుడల్లా గిన్నెలు పడేవి.

బొమ్మ మాత్రం బాగుండేది, అది ఒప్పుకోవాలి. ఆయన మీద కోపం దాని మీద చూపించను. పిడికిలి కన్న కొంచెం పెద్దది. మెడ వెనక్కి తిప్పి, చెవులు వాల్చి, నోరు తెరిచి పళ్లన్నీ బయటపెట్టి ఏదో అరుస్తూ ఉంటుంది. నుదుటి చుట్టూ ద్రాక్షతీగ, ఆకులు, చిన్న చిన్న గుత్తులు. మెడలో ఏదో జంతువు తోలు ముడివేసి ఉంటుంది. వంపు కింది కొసన రూపాయి బిళ్లంత గుండ్రంలో గడ్డం పెంచిన తాగుబోతు మొహం ఒకటి. అంతటి మీదా రెండు వేల ఏళ్ల ఆకుపచ్చ చిలుము. పల్లెటూరి హాల్లో జరిగిన ఏదో వేలంలో దొరికిందట. తాగే మంచానికి తాగిన జంతువే అలంకారం, రోమన్ల సారాయి దేవుడి ఊరేగింపులో కంచరగాడిదలే ఆయన వాహనాలు, అని చెప్పేవాడు. ఒకప్పుడు మహా పండితులే ఇలాంటి ముక్కల్ని ఏ సామానుకు బిగించాలో తెలియక కుర్చీలకు బిగించి మ్యూజియంలో పెట్టారట. "నేనైతే ఒక్క చూపులో చెప్పేవాణ్ణి" అనేవాడు. ఆ చూపులో సగమే మిగిలినా ధీమాలో చీలిక లేదు.

ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆ మంచం మీదే విందులిచ్చేవాడట. స్పెషలిస్టు డాక్టర్లకు మంచం మీద చోటు. జీపీలకు, అంటే వీధి క్లినిక్ డాక్టర్లకు, కింద దిండ్లు. ఐటీ వాళ్లకు డైనింగ్ కుర్చీలు. నర్సుల మొగుళ్లు ఎవరైనా వస్తే వంటింటి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ స్టూలు. రోమన్లు కూడా ఎవరి హోదాకు తగ్గ చోట వాళ్లను పడుకోబెట్టేవాళ్లని, నాగరికత అంటే అదేనని అతిథులకు చెప్పేవాడట. ఆంటీకి ఎక్కడ చోటని అడిగాను నేను.

"నాకెందుకమ్మా చోటు, వడ్డించేదాన్ని" అందావిడ. "పడుకుని పప్పన్నం తిన్నారంటే బట్టలన్నీ ఎవరు ఉతకాలి? ఆ రోమన్ల ఆడవాళ్లు ఎలా వేగారో" అంది.

పక్షవాతం వచ్చాక కూడా ఆయనకు ఆ మంచం మీదే భోజనం కావాలి. కూర్చోబెట్టే తినిపించాలని కేర్ ప్లాన్‌లో ఎర్రక్షరాలతో ఉంది. మింగేటప్పుడు పొలమారితే ప్రాణానికి ముప్పు. రోమన్లు ఎడమ మోచెయ్యి ఆనించుకునే తినేవారని ఆయన వాదన. ఎడమ మోచెయ్యి ఉందని ఆయనకు తెలిసేది నేను చూపించినప్పుడే. రోజూ ఇదే యుద్ధం.

"పడుకోబెట్టు."

"కూర్చోవాలండీ. రాసుంది."

"నేను డాక్టర్ని."

"అవునండీ. కూర్చోండి."

"నీ మీద కంప్లైంట్ చేస్తాను."

"కూర్చుని చెయ్యండి."

చేసేవాడు కూడా. చెయ్యి చల్లగా ఉందని, వేలికి చేపల వాసన వచ్చిందని, పాట సణిగానని. ఆఫీసులో రోటా వేసే ఆవిడ నవ్వేసి ఊరుకునేది. నవ్వి ఊరుకోలేని కంప్లైంట్ ఒక్కటి వస్తే చాలు. ఏజెన్సీ నన్ను తీసేస్తే, అరవై రోజుల్లో ఇంకో స్పాన్సర్ని వెతుక్కోవాలి, లేదంటే విమానం ఎక్కాలి. మా అమ్మాయి ఇక్కడే పదకొండో క్లాసులో చేరింది. "మమ్, హీ ఈజ్ జస్ట్ అ బుల్లీ" అనేది, టోస్టు కొరుకుతూ. బుల్లీ సంతకం మీద దాని చదువు వేలాడుతోందని నేను చెప్పలేదు.

నా పగ నేను తీర్చుకునేదాన్ని, కథలతో. మా తాత పొలంలో బావి తవ్వుతుంటే రోమన్ల సారా జాడీ దొరికిందని ఒకరోజు చెప్పాను. మూత కూడా ఊడలేదన్నాను. ఆయన మంచం మీద కుడిచేత్తో లేవబోయాడు. మన తీరానికి రోమన్ ఓడలు వచ్చిన మాట నిజమేనట.

"ఏదా జాడీ?"

"తాతయ్య సారా తాగేశాడండీ. మూడు రోజులు లాటిన్ మాట్లాడాడు. ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. నాలుగో రోజు దిగిపోయింది."

"ఎవిడెన్స్?"

"జాడీలో అమ్మమ్మ ఆవకాయ పెట్టిందండీ."

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నా ఉద్యోగంలో అవే సెలవులు.

పోయిన ఏడాది శ్రావణమాసంలో ఆయనకు ఛాతీలో నెమ్ము చేరి నాలుగు రోజులు ఆస్పత్రిలో పెట్టారు. తిరిగొచ్చిన రోజు పొద్దున నేనే వీల్‌చెయిర్‌లో లౌంజిలోకి తోసుకొచ్చాను. తలుపు తియ్యగానే గదంతా వెలుగు. కిటికీలోంచి వచ్చిన ఎండ మంచం కొసన పడి తిరిగి మా కళ్లలో కొడుతోంది. కంచరగాడిద తళతళలాడుతోంది. ఆకుపచ్చ చిలుము ఆనవాలు లేదు. పెళ్లికి దించిన బిందెలాగా ఉంది.

ఆయన అరవలేదు. దగ్గరికి తోయమని వేలు చూపించాడు. మొహం దగ్గరగా పెట్టి వాసన చూశాడు. కుడిచేతి గోరుతో దాని పళ్ల మధ్య నుంచి సన్నటి పీచు ఒకటి లాగి నా ముందు పట్టుకున్నాడు.

"ఏంటిది?"

నాకు తెలుసు. ఏ తెలుగు ఆడదానికైనా తెలుసు. చింతపండు పీచు.

"రెండు వేల ఏళ్లు" అన్నాడు. "రెండు వేల ఏళ్లు మట్టి, గాలి కలిసి కట్టిన పొర. అదే దాని పుట్టుమచ్చ. అంట్ల గిన్నె అనుకున్నావా?"

"నేను తోమలేదండీ."

"నీకు తప్ప ఈ ఇంట్లో తోమే బుద్ధి ఎవరికుంది? గుమ్మం బయట ఇంటి తాళంచెవి ఉన్న పెట్టె నంబరు నీకు తెలుసు. నీ చేతులు చూపించు."

చూపించాను. ఇరవై ఏళ్లకు పైగా గ్లౌజుల పొడి తిన్న చేతులు. ఆయన ఆ చేతుల్ని చూసి, "ఫోనివ్వు" అన్నాడు. ఆ పూట కంప్లైంట్‌లో పాట సణగడం లేదు. అమూల్యమైన పురావస్తువును ధ్వంసం చేసింది అని ఉంది.

వంటింట్లో ఆంటీ సింకు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడే మొదలుపెట్టింది, నీళ్ల కొళాయి తిప్పి ఆ చప్పుడు కింద.

"వరలక్ష్మీ వ్రతం కదమ్మా. పీట ఆ లౌంజిలోనే పెట్టాలి. ఆరుగురిని పేరంటానికి పిలిచాను. అమ్మవారి పక్కన బూజుపట్టిన గాడిద మొహం ఏం బాగుంటుంది? కుందులు తోముతూ తోముతూ దాన్ని కూడా తీసి..."

"మీరు చెప్పండి ఆంటీ. నా వీసా పోతుంది."

"కొడతాడని కాదమ్మా. మాట్లాడ్డం మానేస్తాడు. ఒకసారి ఉప్మాలో జీడిపప్పు మాడిందని ఆరు నెలలు మాట్లాడలేదు. అప్పుడంటే ఆయన హాస్పిటల్‌కి పోయేవాడు, నేను టీవీ పెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఇద్దరం ఇదే గదిలో. పిల్లలా, జెల్లలా." కొళాయి ఇంకొంచెం తిప్పింది. "ఇంకో మాట చెప్పనా? తోముతుంటే ఆ ఆకుపచ్చ రంగునీళ్లలా కారిపోయింది. కంచయితే అట్లా ఉండదు. కంచు గిన్నెలు తోమి తోమి పెరిగినదాన్ని. అది ఇత్తడమ్మా. మా అమ్మ ఇచ్చిన బిందె ఇత్తడి."

ఆవిడ భయం నాకు అర్థమైంది. క్షమించానా అంటే, లేదు. ఆయన మాట్లాడకపోతే ఆవిడకు ఒక గదే మూగబోతుంది. నాకు దేశమే లేకుండా పోతుంది.

ఏజెన్సీ నన్ను ఆపెయ్యాలి నిజానికి. కానీ ఆ ఇంటికి వెళ్లడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. విచారణ తేలేదాకా వెళ్తూ ఉండు, ఏ బొమ్మనూ ముట్టుకోకు, అంది రోటా ఆవిడ. నష్టం ఎంతో తేల్చడానికి డాక్టరు గారే ఒక నిపుణురాల్ని పిలిపించాడు. లండన్ నుంచి వచ్చింది, తెల్లజుట్టు, మట్టిబూట్లు. బొమ్మను మంచం మీంచి ఊడదీసి, వెనక్కి తిప్పి బోలులోకి లైటు వేసి చూసింది. తాగుబోతు మొహాన్ని కూడా చూసింది. దూదితో ఏదో తుడుచుకుని సంచిలో వేసుకుంది. "ఎవరు శుభ్రం చేశారు?" అని అడిగింది. డాక్టరు గారు గడ్డంతో నన్ను చూపించాడు. ఆవిడ నా వైపు చూసి, కళ్లతోనే ఏదో అని, ఉత్తరం రాస్తానని వెళ్లిపోయింది.

పదిరోజుల తర్వాత మధ్యాహ్నం కాల్‌కి వెళ్లేసరికి ఆ ఉత్తరం బల్ల మీద ఉంది. కవరు చింపలేదు. నా కోసమే ఆపాడు, నా శిక్ష నా చేతే చదివించాలని.

"చదువు. ఒక్క ముక్క వదలకుండా."

మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టి కవరు చింపాను. ఆంటీ గుమ్మంలో తడిచేతులతో వచ్చి నిలబడింది. ఒకే కాగితం. మొదటి పేరా కళ్లతో చదువుకున్నాను. వస్తువు ఇత్తడి. బహుశా పోయిన శతాబ్దంలో, ఏదో అసలు బొమ్మకు నకలుగా పోసినది. ఆకుపచ్చ పొర రసాయనాలతో, రంగుతో వేసినది. శుభ్రం చేయడం వల్ల పోగొట్టుకున్నదేమీ లేదు.

నిజం చదివితే నేను బయటపడాలి కదా. పనికిరాని ఇత్తడిని తోమడం ఏ దేశంలోనూ నేరం కాదు. కానీ ఆయన్ని నేను రోజుకి మూడుసార్లు చూస్తున్నదాన్ని. ఆ ఆవిడకేం తెలుసు, మోసగత్తె అంటాడు. ఉత్తరం చించమంటాడు. ఇంకొకర్ని, తర్వాత మరొకర్ని పిలుస్తాడు. అంతవరకూ నా మీద కంప్లైంట్ అట్లాగే ఉంటుంది. నేను దోషినైతే ఆయన కంచరగాడిద అసలుదవుతుంది. ఆయనకు కావలసింది అది అసలుది కావడం, దానికోసం నన్ను చీరాల పంపడానికి ఆయనకు ఒక క్షణం కూడా పట్టదు. అంత ఆలోచించే తీరిక అప్పుడు లేదు, ఇప్పుడు రాస్తుంటే వరస కుదురుతోంది. అప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది.

మిషన్ ఆస్పత్రిలో మా మేట్రన్ గారి ఇంగ్లీషు అరువు తెచ్చుకుని చదివాను. ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

"ప్రియమైన డాక్టర్, మీ ఇంట ఈ అద్భుతాన్ని చూసే అదృష్టం కలిగినందుకు కృతజ్ఞురాలిని. ఇది నిస్సందేహంగా రోమన్ల కాలపు పని. దీనికి సాటి వచ్చేవి ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు." గాలి పీల్చుకున్నాను. "శుభ్రం చేయడం వల్ల దీనికి ఎటువంటి హానీ జరగలేదు. పైగా, ఇన్ని శతాబ్దాల మట్టి కింద దాగిన ముఖాన్ని ఇంత నేర్పుగా వెలికితీసిన చేతిని నేను అభినందిస్తున్నాను. మా దగ్గర శిక్షణ పొందినవారికి కూడా ఇది చేతకాదు."

వంటింటి గుమ్మంలో ఏదో పడింది. ఆంటీ చేతిలో ఏమీ లేదు, మరి ఏం పడిందో.

ఆయన ఉంగరంతో మంచం కర్ర మీద టకటకమని కొట్టాడు.

"మళ్లీ."

మళ్లీ చదివాను. ఈసారి కామాలు కూడా చదివాను.

"అభినందిస్తున్నాను అని రాసిందా?"

"రాశారండీ."

"ఫోనివ్వు" అన్నాడు.

స్పీకరులో రోటా ఆవిడ గొంతు వినపడగానే, "ఆ శుభ్రం నేను చేయించిందే" అన్నాడు. "దగ్గరుండి, ఎట్లా చెయ్యాలో చెప్పి చేయించాను. ఆ అమ్మాయికేం తెలుసు, చెప్పింది చేసింది. కంప్లైంట్ వెనక్కి తీసుకుంటున్నాను." ఆ నాలుగు రోజులూ ఆయన ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఆ సంగతి రోటా ఆవిడకు తెలుసు, నాకు తెలుసు, ఆంటీకి తెలుసు. ఫోను పెట్టేశాక నా వైపు తిరిగి, "అన్నం చల్లారిపోయింది, వేడిచెయ్యి" అన్నాడు. నెలరోజులు నాకు నిద్ర లేకుండా చేసినందుకు ఆయన నోట వచ్చిన మాట అదీ.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఆయన ఆ ఉత్తరానికి ఫ్రేము కట్టించాడు.

లౌంజిలో, వచ్చినవాళ్లకు ఎదురుగా, కంచరగాడిదకు జానెడు పైన వేలాడదీయించాడు. నేనే మేకు కొట్టాను. వారంలో ఇద్దరు డాక్టర్లు, వాళ్ల భార్యలు పలకరించడానికి వచ్చారు. ఆయన వాళ్లను ఉత్తరం ముందు నిలబెట్టి, చింతపండులో ఉండే ఆమ్లం గురించి, దాన్ని ఎంతసేపు పట్టించాలో తాను కనిపెట్టిన పద్ధతి గురించి ఉపన్యాసం చెప్పాడు. రాసుకోండి అన్నాడు. వాళ్లు జేబులోంచి కళ్లద్దాలు తీసి ఉత్తరం పైనుంచి కిందిదాకా చదివారు. ఇత్తడి అన్న చోట ఒకావిడ భర్త మోచేతిని గిల్లింది. నేను చూశాను.

"వెరీ నైస్ సర్" అన్నాడా భర్త.

బయటికి వెళ్తూ గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ ఒకాయన నన్ను మెల్లగా అడిగాడు. "ఆయనకి తెలుసా?"

"ఏమిటండీ?"

"ఏంలేదులే. జాగ్రత్తగా చూసుకోండి ఆయన్ని."

ఆ తర్వాత రాకపోకలు పెరిగాయి. ఏళ్లతరబడి గుమ్మం తొక్కనివాళ్లు కూడా పళ్లు పట్టుకుని వచ్చారు. ఒకప్పుడు వంటింటి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న నర్సు మొగుడొకాయన రెండుసార్లు వచ్చాడు, రెండోసారి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని. అందరూ చదివారు. అందరూ తలలూపారు. ఆయనతో ఒక్కరు కూడా అనలేదు. నిజం చెప్పాలంటే కొంచెం ప్రేమ ఉండాలి, కనీసం మళ్లీ వస్తామన్న ఉద్దేశమైనా ఉండాలి. గ్రూపులో పూలు పెట్టినవాళ్లలో సగం మంది ఆ ఉత్తరం చదివినవాళ్లే.

ఆయన్ని ముసలివాళ్లను చూసుకునే నర్సింగ్ హోమ్‌కి మార్చడానికి ముందు వారం, ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతున్నాను. మాట బాగా నెమ్మదించింది అప్పటికి.

"ఆ ఉత్తరం చదువు" అన్నాడు.

ఫ్రేము దించి ఒళ్లో పెట్టుకున్నాను. నా కళ్ల ముందు ఉన్నది ఒకటి, నేను చదవాల్సింది ఇంకొకటి. నెలలు గడిచాయి, ఎప్పుడో నోటికొచ్చింది చదివాను, నాకేం గుర్తుంటుంది. ఉన్నంతలో ఇంపుగా అల్లుకుంటూ పోయాను. ఈ అపురూపమైన కళాఖండాన్ని చూసే భాగ్యం అన్నాను. ఇలాంటివి ప్రపంచంలో రెండో మూడో అన్నాను.

"ఆగు" అన్నాడు.

ఆగాను.

"మొదటిరోజు అద్భుతం అని చదివావు. అపురూపం అనలేదు. వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు అన్నావు."

ఆంటీ వంటింట్లో కొళాయి కట్టేసింది. ఇంకొక్క ఫోను కాల్ చేస్తే చాలు, ఉత్తరాన్ని మార్చి చదివిన కేరర్‌ని ఏ ఏజెన్సీ ఉంచుకుంటుంది. ఆయన నన్ను చూస్తున్నాడు, పనిచేసే ఆ కుడి సగంతో, సూటిగా. ఎంతకాలం నుంచి తెలుసో ఆ మొహం మీద ఎక్కడా రాసి లేదు. మేకు కొట్టిన రోజు నుంచేనేమో. మొదటిసారి 'మళ్లీ' అన్నప్పటి నుంచేనేమో.

"మొదటిదే బాగుంది" అన్నాడు. "అదే చదువు."

చదివాను. తప్పిన చోటల్లా సరిదిద్దుతూ, అన్నం చల్లారి గట్టిపడేదాకా చదివించుకున్నాడు.